పెళ్లి ఫుటేజ్‌ని ఎడిటింగ్‌కి సిద్ధం చేయడం: ఫ్రేమ్ రేట్లు, రంగుల లెక్కలు

ముహూర్తం వేళ పురోహితుడు చెయ్యి పైకెత్తగానే గట్టిమేళం అందుకుంటుంది. డోలు మీద కర్ర పడటం కంటికి కనిపిస్తుంది, దెబ్బ చెవికి వినిపిస్తుంది. ఆ రెండిటికీ మధ్య కొంచెం తేడా వచ్చినా, ఎడిటింగ్ గురించి ఏమీ తెలియని పెద్దమ్మ కూడా "ఏదో తేడాగా ఉందిరా" అంటుంది.

కొన్నేళ్ల కిందట నేను ఎడిట్ చేసిన ఒక పెళ్లిలో సరిగ్గా అదే జరిగింది. మాంగల్యధారణ అన్నిటికంటే బాగా పడింది పెళ్లికూతురి అన్నయ్య ఫోన్‌లో. నలభై నిమిషాల క్లిప్ అది. మొదట్లో సింక్, అంటే బొమ్మకీ శబ్దానికీ పొంతన, బాగానే ఉంది. ఇరవయ్యో నిమిషానికి డోలు దెబ్బ వెనకబడింది, చివరికి వచ్చేసరికి దాదాపు సెకను తేడా. క్లిప్‌ని ముక్కలు చేసి, ఒక్కో ముక్కనీ చేత్తో జరుపుతూ మూడు రాత్రులు కూర్చున్నాను. పైగా ఆ ఫోన్ క్లిప్‌లో మండపం అంతా తెల్లగా పేలిపోయినట్టుంది, పక్కనున్న కెమెరా క్లిప్ మాత్రం బూడిద పూసినట్టుంది. ఆ రెండు సమస్యలకీ కారణాలు ఫైల్‌లోనే రాసి ఉన్నాయి. నేను చదవకుండా టైమ్‌లైన్ మీద, అంటే ఎడిటింగ్ ప్రోగ్రామ్‌లో క్లిప్‌లు పేర్చే పట్టీ మీద, పెట్టేశాను.

అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను: ప్రతి క్లిప్ ఏ ఫ్రేమ్ రేట్‌లో (అంటే సెకనుకి ఎన్ని బొమ్మల్లో) ఉందో, దాని రంగు ఎలా రాసి ఉందో తెలుసుకోకుండా ఒక్క కట్ కూడా వేయను. ఆ పని ఎలా చేస్తానో, ఏ వరసలో చేస్తానో ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణకి పెళ్లినే తీసుకుంటున్నాను. రెండు మూడు కెమెరాలు, ఒక డ్రోన్, బంధువుల ఫోన్లు అన్నీ కలిసి వచ్చేది అక్కడే కాబట్టి. షార్ట్ ఫిల్మ్‌కైనా, యూట్యూబ్ వీడియోకైనా లెక్క ఇదే.

మొదటి మెట్టు: ఈ వీడియో ఎక్కడ ఆడుతుంది?

టైమ్‌లైన్ ఫ్రేమ్ రేట్‌ని కెమెరాని బట్టి కాకుండా, చివరికి వీడియో చూసే చోటుని బట్టి నిర్ణయించాలి. మన దగ్గర పెళ్లి వీడియోకి నేను 25 తప్ప ఇంకోటి పెట్టను. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. 1982లో దూరదర్శన్ రంగుల ప్రసారాలు మొదలైనప్పుడు తీసుకున్నది పాల్ అనే టీవీ పద్ధతి, అందులో సెకనుకి 25 ఫ్రేములు. కల్యాణ మండపంలో లైట్లన్నీ ఆ 50 హెర్ట్జ్ మీదే వెలుగుతాయి. అందుకే కెమెరా కూడా 25లోనో 50లోనో ఉంటే సగం తలనొప్పులు తీసేటప్పుడే పోతాయి.

థియేటర్‌లో వేయాల్సిన షార్ట్ ఫిల్మ్ అయితే 24. సినిమా థియేటర్‌కి ఇచ్చే డిజిటల్ ప్యాకేజీకి అన్నిచోట్లా ఇబ్బంది లేకుండా ఆడేది అదే. టీవీ ఛానల్‌కి ఇచ్చే పని అయితే 25, లేదా వాళ్లు అడిగే 50 ఇంటర్లేస్డ్ (ఒక్కో ఫ్రేమ్‌ని రెండు సగాలుగా, ఒక గీత విడిచి ఒక గీతగా చూపే పద్ధతి). అమెరికాలో ఉన్న పిల్లలు యూట్యూబ్‌లో చూస్తారు కదా, 30లో చేయాలా అని చాలామంది అడుగుతారు. అక్కర్లేదు. ఫోన్, లాప్‌టాప్, ఇప్పటి టీవీ, ఏదైనా 25ని ఆడిస్తుంది.

మరి ఈ 29.97, 23.976 అనే వింత అంకెలు ఎక్కడివి? 1953లో అమెరికాలో రంగుల టీవీ పద్ధతి ఖాయం చేసేటప్పుడు, ఇళ్లలో ఉన్న నలుపు తెలుపు టీవీలు కూడా పనిచేయాలి కాబట్టి, ఉన్న సిగ్నల్‌లోనే రంగుని కలపాల్సి వచ్చింది. ఆ రంగు సిగ్నల్ ధ్వని సిగ్నల్‌తో కలిసి తెర మీద గీతలు రాకుండా 30ని 1.001తో భాగించారు. అలా 29.97 వచ్చింది. అదే లెక్కన 60 కాస్తా 59.94 అయింది, 24 కాస్తా 23.976 అయింది. వెయ్యిలో ఒక వంతు తేడాయే అనిపిస్తుంది. కానీ ఒకదాన్ని ఇంకొకటి అనుకుని సాఫ్ట్‌వేర్‌లో మార్చేస్తే గంటకి 3.6 సెకన్లు జారుతుంది. నాదస్వరం వాయించే ఆయన బూర దించేసిన తర్వాత పాట వినిపిస్తుంది.

రెండో మెట్టు: కార్డు మొత్తం కాపీ చేసి, ప్రతి క్లిప్‌నీ చదవడం

కార్డులో వీడియో ఫైళ్లు మాత్రమే ఏరుకుని కాపీ చేయకండి. ఫోల్డర్లు ఎలా ఉన్నాయో అలాగే మొత్తం కాపీ చేయండి. సోనీ కెమెరాల్లో ప్రతి క్లిప్ పక్కన ఒక చిన్న ఎక్స్ఎంఎల్ ఫైల్ ఉంటుంది. ఏ గామాలో, అంటే వెలుగుని ఏ లెక్కన రాస్తూ, తీశారో అందులో రాసి ఉంటుంది. ఆ వివరం తర్వాత చాలా పనికొస్తుంది. కాపీ రెండు వేర్వేరు డిస్కుల్లో ఉండేదాకా కార్డుని ఫార్మాట్ చేయవద్దని కెమెరామన్‌కి ముందే చెప్పండి.

బంధువుల ఫోన్ వీడియోలని వాట్సాప్‌లో మామూలుగా పంపించుకోవద్దు. అది వీడియోని చిన్నది చేసి పంపుతుంది, పోయిన వివరం మళ్లీ రాదు. డ్రైవ్‌లో పెట్టమనండి, లేదా వాట్సాప్‌లోనే డాక్యుమెంట్‌గా పంపమనండి.

తర్వాత మీడియాఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ పెట్టుకోండి. ప్రతి కెమెరా నుంచి, ప్రతి ఫోన్ నుంచి రెండు మూడు క్లిప్‌లు అందులో తెరవండి. చూడాల్సినవి ఫ్రేమ్ రేట్, ఫ్రేమ్ రేట్ మోడ్, స్కాన్ టైప్, క్రోమా సబ్‌శాంప్లింగ్, బిట్ డెప్త్, కలర్ ప్రైమరీస్, ట్రాన్స్‌ఫర్ క్యారెక్టరిస్టిక్స్, కలర్ రేంజ్. ఒక్కోదాని సంగతి కింద వస్తుంది, ఇప్పటికి వీటిని ఒక కాగితం మీద రాసుకోండి. నేను నోట్‌బుక్‌లో ఒక్కో పెళ్లికి ఒక పేజీ ఉంచుతాను.

నోటి మాట మీద ఆధారపడకండి. "అన్నా, ఏ ఫ్రేమ్ రేట్‌లో తీశావు?" అంటే "25 తమ్ముడూ, ఎప్పుడూ అదే కదా" అంటారు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. మధ్యలో ఎప్పుడో కెమెరా రీసెట్ చేసుంటారు, అది అమెరికా టీవీ పద్ధతి అయిన ఎన్‌టిఎస్‌సికి వెళ్లిపోయి ఉంటుంది, మెనూలో 25 బదులు 30 కనిపించినా ముహూర్తం హడావిడిలో ఎవరూ చూడరు. ఫైల్ మాత్రం ఉన్నదున్నట్టు చెబుతుంది.

మూడో మెట్టు: 25 టైమ్‌లైన్ తయారు చేసి, మిగతా రేట్లకి దారి చూపడం

ప్రాజెక్ట్ తెరవగానే, ఏ క్లిప్పూ దిగుమతి చేయకముందే ఫ్రేమ్ రేట్ పెట్టండి. డావిన్సి రిజాల్వ్ అనే ఎడిటింగ్ ప్రోగ్రామ్‌లో మీడియా లోపలికి వచ్చాక ప్రాజెక్ట్ ఫ్రేమ్ రేట్ గడి మారదు. మొదటి క్లిప్ రేట్ వేరుగా ఉంటే "ప్రాజెక్ట్ రేట్ మార్చమంటారా" అని అడుగుతుంది, అప్పుడు మార్చవద్దనే నొక్కండి. ఇంకో ప్రోగ్రామ్ ప్రీమియర్‌లో క్లిప్ మీద నొక్కి దాని నుంచి సీక్వెన్స్ (అందులో టైమ్‌లైన్‌కి పేరు అది) తయారు చేస్తే, ఆ క్లిప్ రేటే సీక్వెన్స్‌కి వస్తుంది. మీరు మొదట పట్టుకున్నది ఫోన్ క్లిప్ అయితే మూడు గంటల పెళ్లి అంతా 30లో కూర్చుంటుంది. కాబట్టి సీక్వెన్స్‌ని మీరే 25కి సెట్ చేసి, ఆ తర్వాత క్లిప్‌లు తెచ్చుకోండి.

ఇప్పుడు మిగతా రేట్లు 25లోకి వస్తే ఏమవుతుందో చూద్దాం.

50 అయితే ఏ చిక్కూ లేదు. రెండు ఫ్రేముల్లో ఒకటి తీసుకుంటుంది, కదలిక సాఫీగా ఉంటుంది.

30 వస్తే ప్రతి ఆరు ఫ్రేముల్లో ఒకటి పడిపోతుంది. అంటే సెకనుకి ఐదు సార్లు చిన్న కుదుపు. ట్రైపాడ్ మీద నిలబెట్టిన షాట్‌లో అది ఎవరికీ కనిపించదు. కెమెరా మండపం ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగే షాట్‌లో, డ్రోన్ షాట్‌లో బాగా కనిపిస్తుంది. అందుకే 30లో ఉన్న క్లిప్‌లని నేను రెండు గుంపులు చేస్తాను. మాట, మంత్రం, పాట ఉన్నవి అలాగే ఉంచుతాను. శబ్దం అక్కర్లేని కదిలే షాట్లకి మాత్రం ఫ్రేమ్ రేట్‌ని 25 అని ప్రోగ్రామ్‌కి తిరిగి చెబుతాను. ప్రీమియర్‌లో మాడిఫై కింద ఇంటర్‌ప్రెట్ ఫుటేజ్‌లో, రిజాల్వ్‌లో క్లిప్ ఆట్రిబ్యూట్స్‌లో ఈ పని జరుగుతుంది. అప్పుడు ఒక్క ఫ్రేమ్ కూడా పోదు, క్లిప్ 83 శాతం వేగంతో నడుస్తుంది. పువ్వుల అలంకరణ, ఊరి మీదుగా వెళ్లే డ్రోన్, కారు దిగుతున్న పెళ్లికొడుకు, ఇలాంటివి ఆ కొంచెం నెమ్మదిలో ఇంకా అందంగా ఉంటాయి.

24 వస్తే సెకనుకి ఒక ఫ్రేమ్ రెండుసార్లు కనిపిస్తుంది. దాన్ని 25 అని తిరిగి చెబితే నాలుగు శాతం వేగంగా నడుస్తుంది, నిమిషం కాస్తా 57.6 సెకన్లవుతుంది. శబ్దం శ్రుతి కూడా కొంచెం పెరుగుతుంది. పాట ఉన్నచోట ఆ పని చేయకండి. సంగీతం తెలిసినవాళ్లు వెంటనే పట్టేస్తారు.

60 వస్తే లెక్క సమంగా తెగదు. 25కి 60 అంటే 2.4, కాబట్టి ఒకసారి రెండు ఫ్రేములు, ఇంకోసారి మూడు ఫ్రేములు దాటుతూ పోతుంది. మామూలు వేగంలో పెడితే కదలిక కొంచెం తడబడుతుంది. 60ని నేను స్లో మోషన్‌కే ఉంచుతాను.

పాత క్యామ్‌కార్డర్‌తో తీసిన క్లిప్‌లు ఎవరైనా ఇస్తే స్కాన్ టైప్ దగ్గర ఇంటర్లేస్డ్ అని ఉంటుంది. కదిలే చేతుల అంచుల్లో దువ్వెన పళ్లలా గీతలు కనిపిస్తాయి. ఎడిటింగ్ ప్రోగ్రామ్‌లో ఆ క్లిప్‌కి డీఇంటర్లేస్ పెట్టండి. సైజు పెంచడం, తగ్గించడం అంతా ఆ తర్వాతే.

నాలుగో మెట్టు: ఫోన్ క్లిప్‌లు

నన్ను మూడు రాత్రులు కూర్చోబెట్టింది ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. సినిమా కెమెరా, మిర్రర్‌లెస్ కెమెరా సెకనుకి ఇన్ని ఫ్రేములంటే అన్నే తీస్తాయి. ఫోన్ అలా కాదు. వెలుతురు తగ్గితే, వేడెక్కితే, ప్రాసెసర్ మీద భారం పడితే ఫ్రేముల మధ్య దూరం మారుస్తుంది. ప్రతి ఫ్రేమ్‌కీ ఒక సమయం ముద్ర వేసి, "దీన్ని ఈ క్షణంలో చూపించు" అని ఫైల్‌లో రాస్తుంది. ఫోన్‌లో చూసినప్పుడు ఆ ముద్రల ప్రకారమే ఆడుతుంది కాబట్టి సింక్ బాగుంటుంది. ఎడిటింగ్ ప్రోగ్రామ్ మాత్రం ఫ్రేములన్నీ సమాన దూరంలో ఉన్నాయనుకుని పేరిస్తే, బొమ్మ ఒక పొడవు, శబ్దం ఒక పొడవు అవుతాయి. అదే జారుడు.

మీడియాఇన్ఫోలో ఫ్రేమ్ రేట్ మోడ్ దగ్గర వేరియబుల్ అని ఉంటే ఇదన్నమాట. కింద కనిష్ఠ, గరిష్ఠ రేట్లు కూడా చూపిస్తుంది. కనిష్ఠం 24, గరిష్ఠం 30 అని ఉంటే తప్పకుండా మార్చాలి. రెండూ 29.9కి అటూ ఇటూ ఉంటే, క్లిప్ ఒకటి రెండు నిమిషాలదే అయితే వదిలేసినా ఏమీ కాదు.

మార్చడానికి హ్యాండ్‌బ్రేక్ అనే ప్రోగ్రామ్ ఉచితం. వీడియో ట్యాబ్‌లో ఫ్రేమ్ రేట్ 30 ఎంచుకుని, కింద కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్ నొక్కాలి. అసలు సగటు 29.97కి దగ్గరగా ఉంటే అదే ఎంచుకోండి. ఇక్కడే 25 పెట్టేద్దాం అనిపిస్తుంది. పెట్టకండి. పెడితే ఫ్రేములు ఇక్కడే పడిపోతాయి, తర్వాత ఒక షాట్‌ని 83 శాతానికి నెమ్మదించాలన్నా ఫ్రేములు ఉండవు. నాణ్యత గడి అంకె తగ్గేకొద్దీ నాణ్యత పెరుగుతుంది, నేను 16 నుంచి 18 మధ్య ఉంచుతాను. అసలు క్లిప్ 10 బిట్ అయితే (బిట్ల సంగతి ఆరో మెట్టులో వస్తుంది) ఎన్‌కోడర్ కూడా 10 బిట్‌దే ఎంచుకోండి. ఎడిటింగ్‌కి తేలికగా ఉండే ప్రోరెస్ లేదా డిఎన్ఎక్స్‌హెచ్ఆర్ రకం ఫైళ్లు కావాలంటే షటర్ ఎన్‌కోడర్ అనే ఇంకో ఉచిత ప్రోగ్రామ్ ఉంది.

ప్రీమియర్ కొత్త వెర్షన్లు మారే ఫ్రేమ్ రేట్‌ని చదవగలవు. చిన్న క్లిప్‌లకి అది చాలు. పది నిమిషాలు దాటిన ప్రతి ఫోన్ క్లిప్‌నీ నేను ఇప్పటికీ మార్చాకే వాడతాను.

మార్చాక పరీక్ష ఎలాగంటే, క్లిప్ మొదట్లో ఒక డోలు దెబ్బ, చివర్లో ఒక డోలు దెబ్బ వెతకండి. 25లో ఒక ఫ్రేమ్ అంటే 40 మిల్లీసెకన్లు. రెండుచోట్లా ఒక ఫ్రేమ్ లోపలే తేడా ఉంటే మధ్యలో కూడా బాగానే ఉంటుంది. మొదట్లో సరిపోయి చివర్లో జారితే రేటు తప్పు. రెండుచోట్లా ఒకే తేడా ఉంటే క్లిప్‌ని అంత జరిపితే చాలు. ఈ ఒక్క తేడా తెలిస్తే సింక్ సమస్యల్లో సగం నిమిషంలో తేలిపోతాయి. విడిగా పెట్టిన ఆడియో రికార్డర్‌కీ ఇదే పరీక్ష. దాన్ని ముందే 48 కిలోహెర్ట్జ్‌లో పెట్టమని చెప్పండి.

బంధువులకి ముందే చెప్పగలిగితే ఇంకా మంచిది. ఐఫోన్‌లో సెట్టింగ్స్, కెమెరా, రికార్డ్ వీడియోలోకి వెళ్తే షో పాల్ ఫార్మాట్స్ అని ఉంటుంది. అది ఆన్ చేస్తే 25 కనిపిస్తుంది. అక్కడే ఆటో ఎఫ్‌పిఎస్ ఆపేయాలి, హెచ్‌డిఆర్ వీడియో కూడా ఆపేయాలి. హెచ్‌డిఆర్ సంగతి కిందికి వచ్చాక చెబుతాను.

ఐదో మెట్టు: స్లో మోషన్ లెక్క

తలంబ్రాలు లేని పెళ్లి వీడియో ఉండదు. ఆ పసుపు బియ్యం గాల్లో ఆగినట్టు కనిపించాలని అందరూ అడుగుతారు. ఎంత నెమ్మదించవచ్చో తీసిన రేటే చెబుతుంది. 50ని 25గా తిరిగి చెబితే సగం వేగం. 60 అయితే 41.7 శాతం, అంటే ఒక సెకను 2.4 సెకన్లవుతుంది. 100 అయితే నాలుగో వంతు. 120 అయితే దాదాపు 21 శాతం.

25లో తీసిన తలంబ్రాలని నెమ్మదించమంటే ప్రోగ్రామ్ ఆప్టికల్ ఫ్లో అనే దారి చూపిస్తుంది. రెండు ఫ్రేముల మధ్య లేని ఫ్రేమ్‌ని అది ఊహించి గీస్తుంది. నడిచే మనిషికి ఒక్కోసారి బాగానే పనిచేస్తుంది. తలంబ్రాలకి మాత్రం పనిచేయదు. వందల గింజలు ఒకదాని మీదుగా ఒకటి పడుతుంటే ఏ గింజ ఎటు వెళ్లిందో దానికి తెలియదు. గింజలు సాగిన తీగల్లా అయిపోతాయి, పెళ్లికూతురి ముఖం అంచులు కరిగినట్టు కనిపిస్తాయి. తలంబ్రాల దగ్గర ఒక కెమెరా అయినా 50 లేదా 100లో ఉండాలని ముందు రోజే కెమెరామన్‌కి చెప్పడం ఒక్కటే దీనికి మందు.

కొన్ని కెమెరాల్లో స్లో అండ్ క్విక్ అనే మోడ్ ఉంటుంది. అందులో తీసినవి ఫైల్‌లోనే నెమ్మదిగా ఉంటాయి, శబ్దం ఉండదు. వాటికి మళ్లీ ఏ లెక్కా వేయకండి.

లైట్ల వణుకు

ఇది తీసేటప్పుడే జాగ్రత్త పడాల్సింది, ఎడిటింగ్‌లో పూర్తిగా పోదు. 50 హెర్ట్జ్ మీద నడిచే ట్యూబ్ లైట్, చౌక ఎల్ఈడి సెకనుకి 100 సార్లు వెలిగి తగ్గుతాయి. షట్టర్, అంటే ఒక్కో ఫ్రేమ్‌కి వెలుతురు పడే సమయం, 1/50 సెకను అయితే ప్రతి ఫ్రేమ్‌లోనూ సరిగ్గా రెండు మెరుపులు పడతాయి, 1/100 అయితే ఒకటి. అందుకే వణుకు ఉండదు. 60లో 1/60 షట్టర్ పెడితే ఒక్కో ఫ్రేమ్‌కి వెలుతురు ఒక్కోలా పడి మండపం కొట్టుకుంటున్నట్టు కనిపిస్తుంది. 60లో తీయక తప్పకపోతే షట్టర్ 1/100 పెట్టాలి. 120లో అయితే షట్టర్ 1/120 కంటే నెమ్మదిగా పెట్టడం కుదరదు, కాబట్టి మన లైట్ల కింద 100 వాడటమే క్షేమం. వేదిక వెనక ఎల్ఈడి తెరలకి వాటి సొంత లయ ఉంటుంది. వాటి ముందు రెండు మూడు షట్టర్ వేగాలు పెట్టి చూడాల్సిందే.

ఆరో మెట్టు: రంగు ఎంత ఉంది?

వీడియో ఫైల్‌లో వెలుగు ఒకచోట, రంగు ఒకచోట విడిగా ఉంటాయి. మన కన్ను వెలుగులో తేడాని పట్టినంత బాగా రంగులో తేడాని పట్టదు. దాన్ని ఆసరా చేసుకుని కెమెరాలు రంగు వివరాన్ని తగ్గించి దాస్తాయి. 4:4:4 అంటే ప్రతి పిక్సెల్‌కీ దాని రంగు ఉంది. 4:2:2 అంటే అడ్డంగా రెండు పిక్సెళ్లకి ఒక రంగు. 4:2:0 అంటే అడ్డంగా రెండు, నిలువుగా రెండు, మొత్తం నాలుగు పిక్సెళ్లకి ఒక రంగు. ఫోన్లు మామూలుగా ఇచ్చేది, చాలా డ్రోన్లు, చాలా కెమెరాలు ఇచ్చేది 4:2:0.

పెళ్లిలో ఇది ఎక్కడ కనిపిస్తుందంటే, ఎర్ర పట్టుచీర అంచు పక్కన ఆకుపచ్చ అరటాకులు ఉన్నచోట. ఎరుపు, ఆకుపచ్చ కలిసే గీత మెట్లు మెట్లుగా విరుగుతుంది. ఆ ఎరుపుని గ్రేడింగ్‌లో, అంటే రంగులు దిద్దేటప్పుడు, ఇంకా పెంచితే మెట్లు ఇంకా పెద్దవవుతాయి. గ్రీన్ మ్యాట్ ముందు ప్రీ వెడ్డింగ్ తీసి వెనక ఇంకో దృశ్యం పెట్టాలంటే జుట్టు అంచుల్లో ఇదే బాధ. అలాంటి పని ఉందని ముందే తెలిస్తే 4:2:2లో తీయించండి.

4కెలో తీసి 1080లో ఇచ్చేటప్పుడు ఒక లాభం ఉంది. 3840 బై 2160 క్లిప్‌లో 4:2:0 రంగు 1920 బై 1080 ఉంటుంది. దాన్ని 1080కి తగ్గిస్తే ప్రతి పిక్సెల్‌కీ ఒక రంగు దొరుకుతుంది. అందుకే చివరికి 1080లోనే ఇచ్చినా 4కెలో తీయమని నేను అడుగుతాను.

బిట్ డెప్త్ అనేది మెట్ల సంఖ్య. 8 బిట్‌లో ఒక్కో రంగుకీ 256 మెట్లు, 10 బిట్‌లో 1024. మామూలు ప్రొఫైల్‌లో సరిగ్గా ఎక్స్‌పోజ్ చేసిన 8 బిట్ క్లిప్ చాలా బాగుంటుంది, తక్కువగా చూడనక్కర్లేదు. చిక్కంతా 8 బిట్‌లో లాగ్, అంటే కాంట్రాస్ట్ తగ్గించి రాసే ప్రొఫైల్, పెట్టి తీసినప్పుడే. సోనీ లాగ్ అయిన ఎస్-లాగ్3లో నలుపు నుంచి తెల్లటి పంచె వెలుగు దాకా 8 బిట్‌లో సుమారు 125 మెట్లే దొరుకుతాయి. గ్రేడింగ్‌లో వాటిని సాగదీస్తే సాయంత్రపు ఆకాశం, మండపం వెనక ఒకే రంగు తెర చారలు చారలుగా విడిపోతాయి. మీ కెమెరా 8 బిట్ మాత్రమే ఇస్తే లాగ్ జోలికి వెళ్లకండి.

ఏడో మెట్టు: లాగ్, హెచ్ఎల్‌జి, రెక్ 709 అన్నిటినీ ఒక్కచోటికి తేవడం

మనం చివరికి ఇచ్చేది దాదాపు ఎప్పుడూ రెక్ 709 అనే రంగుల ప్రమాణంలో. మామూలు టీవీలు, యూట్యూబ్ మామూలు వీడియోలు అన్నీ దాంట్లోనే ఉంటాయి. బూడిద పూసినట్టున్న క్లిప్ లాగ్. కెమెరా ఎక్కువ వెలుగు తేడాని కొద్ది చోటులో సర్దడానికి కాంట్రాస్ట్ తగ్గించి రాసింది. తెల్లగా పేలినట్టున్న ఫోన్ క్లిప్ హెచ్ఎల్‌జి, అంటే వెలుగు తేడాని ఎక్కువగా చూపే హెచ్‌డిఆర్‌లో ఒక రకం. 2020లో వచ్చిన ఐఫోన్ 12 నుంచి ఆ ఫోన్లు హెచ్‌డిఆర్ వీడియోని ఇలాగే రాస్తున్నాయి. రెండూ చెడిపోయిన క్లిప్‌లు కావు. వాటి భాష వేరు, అంతే.

మీడియాఇన్ఫోలో కలర్ ప్రైమరీస్ దగ్గర బిటి.2020, ట్రాన్స్‌ఫర్ దగ్గర హెచ్ఎల్‌జి ఉంటే సంగతి తేలిపోయింది. లాగ్ విషయంలో ఫైల్‌ని నమ్మలేం. లాగ్‌లో తీసినా చాలాసార్లు అక్కడ బిటి.709 అనే ఉంటుంది. అప్పుడు ఆ ఎక్స్ఎంఎల్ ఫైల్ తెరిచి చూడాలి, లేదా కెమెరా మెనూ ఫోటో తీసి పంపమని అడగాలి.

రిజాల్వ్‌లో నేను చేసే పద్ధతి ఇది. ఒక్కో కెమెరా క్లిప్‌లని ఒక్కో గుంపుగా పెడతాను. ఒక్కో గుంపుకీ, రంగుని ఒక పద్ధతి నుంచి ఇంకో పద్ధతికి మార్చే కలర్ స్పేస్ ట్రాన్స్‌ఫామ్ ఒక్కటి వేస్తాను. సోనీ క్లిప్‌కి ఇన్‌పుట్ ఎస్-గామట్3.సినీ, ఎస్-లాగ్3. ఫోన్ క్లిప్‌కి ఇన్‌పుట్ రెక్ 2020 (మీడియాఇన్ఫోలో బిటి.2020 అన్నది ఇదే), హెచ్ఎల్‌జి. అన్నిటికీ అవుట్‌పుట్ రెక్ 709, గామా 2.4. ఎక్కువ వెలుగుని తక్కువ చోటులోకి మెల్లగా సర్దే టోన్ మ్యాపింగ్ ఆన్‌లో ఉంచాలి, లేకపోతే దీపాల చుట్టూ వెలుగు గట్టిగా తెగిపోతుంది. ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ సరిచేసే నోడ్ (రిజాల్వ్‌లో ఒక్కో దిద్దుబాటు గడి) ఈ ట్రాన్స్‌ఫామ్‌కి ముందు ఉండాలి. తర్వాత పెడితే పంచె మీద మడతలు అప్పటికే తెల్లగా కలిసిపోయి ఉంటాయి, వెనక్కి రావు. లట్, అంటే రంగులు మార్చడానికి ముందే సిద్ధం చేసిన పట్టిక ఫైల్, వాడినా ఇదే వరస. చాలామంది లట్ వేసి, ఎక్కువైందని దాని మీద వెలుగు తగ్గిస్తారు. లట్‌కి ముందు తగ్గించి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

ప్రీమియర్‌లో అయితే ఫోన్ క్లిప్ మీద మాడిఫై చేసి కలర్ స్పేస్‌ని రెక్ 2100 హెచ్ఎల్‌జి అని చెప్పి, సీక్వెన్స్‌ని రెక్ 709లో ఉంచి, టోన్ మ్యాపింగ్ ఆన్ చేయాలి.

డ్రోన్ దగ్గర ఒక హెచ్చరిక. డిజెఐ డ్రోన్లలో డి-లాగ్ వేరు, డి-లాగ్ ఎం వేరు. పేర్లు దగ్గరగా ఉన్నాయని ఒకదాని లట్ ఇంకోదానికి వేస్తే పొలాల పచ్చదనం వింతగా మారుతుంది. ఆ డ్రోన్ మోడల్‌కి కంపెనీ ఇచ్చే లట్‌నే తెచ్చుకోండి.

అన్నీ 709కి వచ్చాక కూడా పసుపు, కుంకుమ ఒక్కో కెమెరాలో ఒక్కోలా ఉంటాయి. నేను సరిచూసుకునేది ముందు చర్మం రంగు, తర్వాత పెళ్లికూతురి చీర. పసుపు రాసిన ముఖాన్ని సాఫ్ట్‌వేర్ ఆటో వైట్ బ్యాలెన్స్‌కి వదిలేస్తే పసుపుని తప్పనుకుని తీసేస్తుంది. ఆ పసుపు ఉండాల్సిందే.

రేంజ్ గురించి రెండు మాటలు. 8 బిట్ వీడియోలో నలుపు 16 దగ్గర, తెలుపు 235 దగ్గర ఉండటం మామూలు పద్ధతి, దాన్ని లిమిటెడ్ అంటారు. 0 నుంచి 255 దాకా వాడితే ఫుల్. ఒకదాన్ని ఇంకొకటిగా చదివితే నల్ల జుట్టు మసకబారుతుంది, లేదా కోటు మడతలన్నీ ఒకే నల్ల ముద్ద అవుతాయి. ఒక క్లిప్ మాత్రమే ఇలా ఉంటే, కర్వులు ముట్టుకోకముందు దాని లెవెల్స్ సెట్టింగ్ మార్చి చూడండి.

ఎనిమిదో మెట్టు: ప్రాక్సీ చాలు, అన్నీ మార్చక్కర్లేదు

ఎచ్.265 అనే గట్టి కుదింపుతో వచ్చే క్లిప్‌లు కంప్యూటర్‌ని ఆగి ఆగి నడిపిస్తాయి. చాలా కెమెరాలు ఈ ఫైళ్లలో ప్రతి ఫ్రేమ్‌నీ పూర్తిగా రాయవు, ముందు ఫ్రేమ్‌కి, దీనికి ఉన్న తేడానే రాస్తాయి. మీరు మధ్యలో ఒకచోట నొక్కితే ఆ ఫ్రేమ్ తయారవ్వడానికి చుట్టుపక్కల ఫ్రేములన్నీ విప్పాలి. ప్రోరెస్, డిఎన్ఎక్స్‌హెచ్ఆర్‌లో ప్రతి ఫ్రేమ్ విడిగా ఉంటుంది, అందుకే తేలిగ్గా నడుస్తుంది.

అలాగని అన్నిటినీ మార్చేయకండి. 4కెలో 25 ఫ్రేములకి ప్రోరెస్ 422 గంటకి సుమారు 221 జిబి తీసుకుంటుంది. మూడు కెమెరాలు, ఆరేసి గంటలంటే దాదాపు 4 టెరాబైట్లు. అదే 1080లో ప్రోరెస్ ప్రాక్సీ, అంటే ఎడిటింగ్ కోసమే చేసుకునే తేలికైన నకలు, అయితే గంటకి 17 జిబి, మొత్తం 306 జిబి దగ్గర ఆగుతుంది. ప్రాక్సీలతో ఎడిట్ చేసి, గ్రేడింగ్‌కి అసలు క్లిప్‌లకి మారండి. ప్రాక్సీ ఫ్రేమ్ రేట్, ఆడియో ట్రాక్‌ల సంఖ్య, టైమ్‌కోడ్ (ఫ్రేముల సమయ సంఖ్య) అసలు దాంతో అచ్చంగా కలవాలి. మారే ఫ్రేమ్ రేట్ ఉన్న ఫోన్ క్లిప్‌లని ముందు మార్చి, మార్చిన దాని నుంచి ప్రాక్సీ చేయండి. ఈ వరస తప్పితే ప్రాక్సీలో సింక్ ఒకలా, చివరి వీడియోలో ఇంకోలా వస్తుంది.

తొమ్మిదో మెట్టు: రెండు నిమిషాల ముక్క

పూర్తి ఎడిట్ మొదలుపెట్టే ముందు ప్రతి కెమెరా నుంచి, ప్రతి ఫోన్ నుంచి, డ్రోన్ నుంచి ఒక్కో షాట్ తీసి రెండు నిమిషాల టైమ్‌లైన్ చేస్తాను. అందులో తప్పకుండా ఉండేవి గట్టిమేళం, తలంబ్రాలు, అటూ ఇటూ తిరిగే ఒక షాట్, ఎర్ర చీర క్లోజప్, సాయంత్రపు ఆకాశం. ఎచ్.264, 8 బిట్, 4:2:0, రెక్ 709, 25లో ఎక్స్‌పోర్ట్ చేస్తాను. పెన్‌డ్రైవ్‌లో పెడితే పాత టీవీలు కూడా ఆడించేది అదే.

ఆ ఫైల్‌ని మళ్లీ మీడియాఇన్ఫోలో తెరిచి ఫ్రేమ్ రేట్ 25, మోడ్ కాన్‌స్టంట్ అని ఉందో లేదో చూస్తాను. తర్వాత పెన్‌డ్రైవ్‌లో వేసి ఇంట్లో టీవీకి పెడతాను, ఫోన్‌లో కూడా చూస్తాను. కంప్యూటర్ మానిటర్ మీద కనిపించని కుదుపులు, చారలు పెద్ద టీవీ మీద బయటపడతాయి. చివరికి హెడ్‌ఫోన్ పెట్టుకుని గట్టిమేళం దగ్గరికి వెళ్లి, ఒక్కో ఫ్రేమ్ జరుపుతూ కర్ర డోలుని తాకిన ఫ్రేమ్‌లోనే దెబ్బ మొదలవుతోందా అని చూస్తాను. అవుతుంటే అసలు టైమ్‌లైన్ తెరిచి, గౌరీ పూజ నుంచి కట్ చేయడం మొదలుపెడతాను.